కొసరు ఉప్పు

మోడెం లైను పట్టుకునేటప్పుడు చేసే గోల తన్మయికి పోపు వేస్తున్నట్టే వినిపించేది. మొదట నూనె కాగుతున్నట్టు సన్నటి కూత, తర్వాత ఆవాలు చిటపటలాడినట్టు గరగర, ఆఖరికి మూత పెట్టినట్టు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు ఒక్కో వరుసే దిగేవి. చౌరస్తాకు స్వాగతం. ఈ రోజు మీరు నాలుగోవారు.

నాలుగోవారు అని కనబడితే చాలు, లాటరీ తగిలినంత సంబరం. పెళ్లయి రెండు నెలలైనా ఇంకా ప్రతిదానికీ సంబరమే ఆమెకు. చిక్కడపల్లి సందులో అనసూయమ్మ గారి మేడ మీద కిరాయికి తీసుకున్న రెండు గదులు, కిటికీలోంచి వచ్చే పిండి గిర్ని వాసన, అనురాగ్ పొద్దున స్కూటర్ కిక్కు కొట్టే ముందు ఒకసారి పైకి చూడటం, అన్నీ సంబరాలే. అనురాగ్ కంప్యూటర్లు బాగుచేసే కంపెనీలో పనిచేస్తాడు. వాళ్లు పక్కన పడేసిన పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, "నగలు పెట్టలేదని మీ అమ్మ అడిగితే మోడెం పెట్టిండని చెప్పు" అన్నాడు.

చౌరస్తా అంటే నారాయణగూడలో గోవర్ధన్ అనే ఆయన తన ఇంటి ఫోను లైనుకు కంప్యూటర్ తగిలించి నడుపుతున్న చర్చల బోర్డు. ఆయన ఆఫీసుకు బయల్దేరే పదింటి నుంచి తిరిగొచ్చే ఐదింటి దాకా తెరిచి ఉంటుంది. ఒకసారికి ఒక్కరికే ప్రవేశం. ఆ ఒక్కరు లోపల ఉన్నంతసేపు మిగతా ముప్పై మందికీ ఎంగేజ్ చప్పుడే. లోపలికి పోయినవాళ్లు ముందువాళ్లు రాసింది చదివి, తమది రాసి, బయటికి రావాలి. మధ్యలో గోవర్ధన్ తల్లి విద్యావతమ్మకు చెల్లెలితో మాట్లాడాలనిపించి రిసీవర్ ఎత్తిందా, రాసిందంతా గంగలో కలిసినట్టే. తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవారు. హెల్మెట్ తప్పనిసరి చేయాలా, గ్యాసు పొయ్యి మంచిదా కరెంటు పొయ్యి మంచిదా, పాలిథిన్ సంచులు ఆపితే చిల్లర కొట్లు నడుస్తాయా, ఇవీ అక్కడి చర్చలు.

బోర్డుకు నియమం ఒక్కటే. విన్నది రాయకూడదు. చూసిందే రాయాలి, ఎక్కడ చూశారో గల్లీ గుర్తుతో సహా రాయాలి. 'ఎవరో అన్నారు' అని మొదలుపెడితే గోవర్ధన్ ఆ సాయంత్రమే తుడిచేస్తాడు.

అది మే నెల మొదటి వారం. అయొడిన్ లేని ఉప్పు తినడానికి అమ్మకూడదన్న కొత్త రూలు గురించి పేపర్లో వచ్చింది. సోమవారం తన్మయి లోపలికి పోయేసరికి బోర్డు మీద అదే వేడిగా ఉంది. ఫణీంద్ర అని నల్లకుంటలో ఉండే రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ రూలును సమర్థిస్తూ ముప్పై వరుసలు రాశాడు. దాని కింద ఈదయ్య. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి సర్కారు పరీక్షలకు చదువుతున్నాడు, కోచింగ్ సెంటర్ కంప్యూటర్ మీంచి రాస్తాడు. తన్మయి బీయెస్సీ చదివిన గర్వంతో 'కెమిస్ట్రీ' అనే పేరు పెట్టుకుంది. దాంతో ఆమెను అందరూ మగమనిషే అనుకుంటారు. రూలు మంచిదేనని ఆమె శనివారమే రాసింది.

'కెమిస్ట్రీ సార్, రూలు మంచిదే కావచ్చు' అని రాశాడు ఈదయ్య. 'మరి దొడ్డు ఉప్పు అమ్మి బతికేటోళ్లు ఏం కావాలె? ఇంకొక ముచ్చట. పాకెట్ల ఉన్న అయొడిన్ మన ఇంట్ల డబ్బాలకు వచ్చినంక కూడా ఉంటదా? మీ ఇంటి డబ్బా పరీక్ష చేసిన్రా?'

ఆమె కీబోర్డు మీద వేళ్లు పెట్టేలోగా తెర గడ్డకట్టింది. విద్యావతమ్మ ఫోనెత్తింది.

"తన్మయీ, దిగిరా బిడ్డ. ఉప్పుకు పోదాం" కింది నుంచి అనసూయమ్మ పిలిచింది.

పిండి గిర్ని పక్క గోడ కింద నీలం పట్టా పరుచుకుని ఆశమ్మ కూర్చుని ఉంది. వెనక గోడకు ఆనించి ఎనిమిది సంచులు. ఇళ్లల్లో మామిడికాయ తొక్కు పచ్చళ్లు పెట్టే నెల కదా, ఏడాది మొత్తంలో ఆమె సంచులు ఎనిమిదికి పెరిగేది ఈ ఒక్క నెలే. ఆశమ్మ సంచిలో మానిక ముంచి పైకి తీసింది. ఒక ఉప్పు గల్ల తీసి ముందు పళ్ల మధ్య పెట్టి టక్కున కొరికింది. చెమ్మ లేదని నిర్ధారణ అయ్యాక తలాడించి, అరచేత్తో మానిక అంచు మీద ఒక్క తుడుపు తుడిచి, అనసూయమ్మ సంచిలో బోర్లించింది.

"ఈయేడు ఎన్ని కాయలు పెడుతున్నవమ్మా?"

"నూరు. మేడ మీద కొత్త జంట వచ్చింది గద, వాళ్లకు కూడ. శనివారం ఇంకో మానిక తెచ్చియ్యి."

ఆశమ్మ తన్మయిని కిందికీ మీదికీ చూసింది. "ఈ బక్కపిల్ల తొక్కు తింటదా, తొక్కే ఈమెను తింటదా?"

గిర్ని లోపలి నుంచి విఠల్ నవ్వాడు. ఒళ్లంతా పిండి, కనుబొమల మీద కూడా పిండి. "అవ్వా, గిరాకీని ఎక్కిరిస్తే రేపటి సంది నీళ్లు బంద్" అన్నాడు. ఆశమ్మ రోజూ తాగే నీళ్లు అతని గిర్నిలోని బిందెలోవే.

"బంద్ చెయ్యి బిడ్డ. నేను తిట్టకుంటే నీ గిర్ని తిరగది" అంది ఆశమ్మ.

కొలవడం అయ్యాక ఆమె కొసరుగా ఒక గుప్పెడు తీసింది. తన్మయి చటుక్కున చెయ్యి చాపింది. ఆశమ్మ గుప్పిట వెనక్కి లాక్కుంది.

"అట్ల చెయ్యి పట్టొద్దు. ఉప్పు చేతికియ్యరు బిడ్డ. ఇచ్చినోళ్లకు తీసుకున్నోళ్లకు కొట్లాటయితది. మనకెందుకు కొట్లాట? పళ్లెం తే పో."

తన్మయి నవ్వుకుంటూ మెట్లెక్కి స్టీలు పళ్లెం తెచ్చింది. అంతసేపూ ఆశమ్మ గుప్పిట మూసుకుని అలాగే కూర్చుంది, పచ్చగాజుల చెయ్యి మోకాలి మీద పెట్టుకుని. పళ్లెంలో గల్లలు పడుతుంటే చిన్న వడగళ్లు పడ్డట్టు చప్పుడైంది. ఆ చప్పుడు కూడా తన్మయికి నచ్చింది.

ఉప్పులో అయొడిన్ ఉందో లేదో చూసే చిన్న సీసా ఒకటి ఆమె దగ్గరుంది. బాగ్‌లింగంపల్లి బడిలో టీచరుగా పనిచేసే స్నేహితురాలు స్వరూప ఇచ్చింది. తన్మయి షాపు నుంచి తెచ్చిన కొత్త పాకెట్ కత్తిరించి, చెంచాడు తీసి, మీద ఒక చుక్క వేసింది. నేరేడుపండు తిన్న నాలుక రంగు వచ్చింది. కొసరు ఉప్పును పొడి చేసి దాని మీద ఒక చుక్క వేసింది. చుక్క చుక్కలాగే ఇంకిపోయింది. తెల్లగా ఉండిపోయింది.

ఆమె చప్పట్లు కొట్టుకుంది. బెల్లు మోగేలోగా పేపరంతా రాసేసినప్పటి ఆనందం అది.

మంగళవారం పదకొండింటికి లైను దొరికింది. ముందే కాగితం మీద రాసి పెట్టుకున్నది చకచకా కొట్టేసింది.

'చూసింది రాస్తున్నాను. చిక్కడపల్లి, పిండి గిర్ని పక్క గోడ. నీలం పట్టా, ఎనిమిది సంచులు, పచ్చగాజుల ముసలామె. ఈమె ఉప్పు మీద పరీక్ష మందు వేస్తే రంగు మారలేదు. సున్నా. మా సందులో అందరి తొక్కుల్లోకీ ఈ సున్నాయే పోతోంది. ఈమెకు వేరే సైన్సు తెలుసు. ఉప్పు చేతికిస్తే కొట్లాట అవుతుందట. పళ్లెం తెమ్మని, కొసరు పళ్లెంలో పోసింది. అయొడిన్ పోయడం మాత్రం మరిచిపోయింది. ఈదయ్య గారికి ఆ పళ్లెం పంపాలా? ఇక మా ఇంటి డబ్బా అంటారా, దాని సంగతి మా ఆవిడ చూసుకుంటుంది.'

చివరి వాక్యానికి తనే పగలబడి నవ్వింది. సాయంత్రం అనురాగ్‌కు చదివి వినిపిస్తే అతనూ షూ విప్పడం ఆపి మరీ నవ్వాడు.

బుధవారం బోర్డు నిండా మెచ్చుకోళ్లు. ఎనిమిది మంది రాశారు. 'చర్చ అంటే ఇది. ప్రింటు తీసి పెట్టుకున్నాను' అని ఫణీంద్ర. పళ్లెం జోకు ఆఫీసులో అందరికీ చెప్పానని ఇంకొకాయన. అన్నిటి కింద ఈదయ్య ఒకే ఒక్క వరుస రాశాడు.

'ఆ అవ్వ పేరు ఏంది సార్?'

తన్మయికి పేరు తెలుసు. రాయబోయి ఆగింది. పరీక్షలో పేరుకేం పని అనుకుంది. ఆ లోపు లైను తెగింది, తను తెంచలేదు, విద్యావతమ్మే. కానీ మళ్లీ తిప్పలేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ అశోక్‌నగర్ దాకా నడిచి వెళ్లారు. గెలిచినందుకు అనురాగ్ కుల్ఫీ ఇప్పించాడు. హాస్టళ్ల ముందు పిల్లలు మెట్ల మీద, గోడల మీద, స్కూటర్ సీట్ల మీద పుస్తకాలు తెరుచుకుని కూర్చున్నారు. ఇందులో ఈదయ్య ఎవరో అని తన్మయి అందరి ముఖాలూ చూసింది. కుల్ఫీ కరిగి మోచేతి దాకా కారింది. అనురాగ్ తన జేబురుమాలుతో తుడిచాడు. ఆ రోజుకు అదొక సంబరం.

గురువారం మధ్యాహ్నం కరివేపాకు కోసం కిందికి దిగితే గోడ కింద నీలం పట్టా లేదు. సంచులు లేవు. నేల మీద తెల్లగా ఒక చార, గోడ దగ్గర మొదలై రోడ్డు దాకా. ఒక మేక దాన్ని నాకుతోంది.

"జీపుల వచ్చిన్రు" అంది అనసూయమ్మ. వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని, మామిడికాయలు కడిగి గుడ్డతో తుడుస్తోంది. "ముగ్గురు. ఏ ఆఫీసో చెప్పలే. తినెటందుకు అమ్మొద్దంట, రూలంట. ఎనిమిది సంచులు గుంజుకపోయిన్రు. ఒకటి పిగిలింది, రోడ్డు పొడుగూత కారుకుంట పోయింది. ఆశమ్మ జీపెనక అంత దూరం ఉరికింది పాపం."

"ఎవరు చెప్పారంట?"

"ఎవలో కాయితం రాసిన్రంట. గోడ గుర్తు, గాజుల గుర్తు కూడ రాసిన్రంట. చూడు, ఎంత పగ ఉండాలె!"

తన్మయి కరివేపాకు సంగతి మరిచిపోయి పైకి వచ్చింది. ఫోను తిప్పింది. ఎంగేజ్. మళ్లీ తిప్పింది. ఎంగేజ్. ఇన్నాళ్లూ ఆ చప్పుడు వింటే, ఎవరో లోపల ఉన్నారు, ఏదో రాస్తున్నారు అని ఉత్సాహంగా ఉండేది. ఇరవయ్యోసారి లైను దొరికింది. కూత, గరగర, నిశ్శబ్దం.

ఫణీంద్ర రాశాడు. 'మన చర్చ ఊరికే పోలేదు మిత్రులారా. ప్రింటు తీసుకుని నిన్న నేనే స్వయంగా ఆఫీసుకు వెళ్లాను. ఈ రోజు చర్య తీసుకున్నారు. ఇంత కచ్చితమైన వివరాలు మాకెవరూ ఇవ్వరు అన్నారు. కెమిస్ట్రీ గారికి అభినందనలు.'

తను రాసింది ఆ పైనే ఉంది. పళ్లెం, గాజులు, గోడ. సభ్యులు రాసింది సభ్యులే తుడుచుకునే వీలు చౌరస్తాలో లేదు. ఎవరైనా మాట మార్చకూడదని అదీ ఒక పద్ధతి. ఆమె బోర్డు మొదటి పేజీలో ఉండే చిరునామా రాసుకుని, మోడెం ఆపేసి, చెప్పులు వేసుకుని, ఎండలోనే నారాయణగూడకు నడిచింది.

విద్యావతమ్మ తలుపు తీసింది. కెమిస్ట్రీని అని చెబితే తెల్లబోయింది. "కెమిస్ట్రీ అంటే ఎవలో పెద్దసారు అన్నడు మావోడు! నీ అసొంటి చిన్నపిల్లవా? లోపటికి రా, ముఖమంత ఎర్రగయింది." మంచినీళ్లు ఇచ్చింది. ఆ గదిలోనే మూలకు, గుడ్డ కప్పిన టీవీ పక్కన, చౌరస్తా ఉంది. ఎవరో లోపల ఉన్నట్టున్నారు, మోడెం మీద ఎర్రటి దీపాలు మిణుకుమంటున్నాయి. ముప్పై మంది వాదించుకునే చోటు ఇంత చిన్నదా అనిపించింది తన్మయికి.

ఐదింటికి గోవర్ధన్ వచ్చాడు. అంతా విని, చొక్కా కూడా మార్చుకోకుండా కంప్యూటర్ ముందు కూర్చుని, రెండు మీటలు నొక్కాడు. "పోయిందక్కా. కానీ ఫణీంద్ర సార్ తీసిన ప్రింటు నేనెట్ల తుడుస్త?"

"గల్లీ గుర్తు రాయాలన్నది మీ రూలే కదన్నా."

అన్నాక ఎందుకన్నానా అనిపించింది. గోవర్ధన్ కాసేపు కుర్చీ చేతిమీది రెగ్జిన్ గీకుతూ ఉన్నాడు. "నాదే" అన్నాడు. "అబద్ధాలు రాయొద్దని పెట్టిన. నువ్వు రాసింది చదివి నేను గూడ మస్తు నవ్విన."

ఇంటికి వచ్చి వంట మొదలుపెట్టింది. ఉప్పు డబ్బా పొయ్యి పక్కనే ఉంటుంది. సగం మూత, లోపల తడి చెంచా. అన్నం ఉడికేలోపు సీసా తెచ్చి ఆ ఉప్పు మీద ఒక చుక్క వేసింది. లేత రంగు, చూసీ చూడనట్టు, ఉతికి ఉతికి వెలిసిన రవిక రంగు. ఇంకో చుక్క వేసింది. అంతే. ఈదయ్య అడిగిన రోజునే చేసి ఉంటే ఇది అర నిమిషం పని.

అనురాగ్ వచ్చాక అంతా చెప్పింది. "నువ్వు రాసిందాంట్ల తప్పేం లేదు కద" అన్నాడు అతను. నిజమే, ఏదీ తప్పు లేదు. ఎనిమిది సంచులూ నిజం, సున్నా కూడా నిజం. అందుకే ఆ మాట ఆమెకు ఊరటనివ్వలేదు.

శుక్రవారం లైను తిప్పలేదు.

శనివారం పొద్దున అనసూయమ్మ వాకిట్లో కత్తిపీటల చప్పుడు. పక్కింటి ఆడవాళ్లు ఇద్దరు కూర్చుని కాయలు కొడుతున్నారు, టెంకతో సహా టక్ టక్‌మని. తన్మయి మేడ మెట్ల దగ్గర ఎల్లిపాయలు ఒలుస్తోంది. గేటు చప్పుడైంది. ఆశమ్మ. సంచులు లేకుండా ఆమె ఇంకా చిన్నదిగా కనిపించింది. ఒక చేతిలో గుడ్డ మూట, ఇంకో చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం.

ఆమె వాకిట్లోకి పోలేదు. నేరుగా మెట్ల దగ్గరికి వచ్చి కింది మెట్టు మీద కూర్చుంది.

"బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. జర ఇది సదివి చెప్పు. జీపోళ్లు నా మీద పారేసిపోయిన్రు. పోరగాళ్లకు చూపిస్తే ఇంగిలీషు, మాకు రాదన్నరు."

తన్మయి తీసుకుంది. రెండు పక్కలా చిల్లులున్న ప్రింటర్ కాగితం. చుక్కలు చుక్కలుగా అచ్చయిన తన అక్షరాలు.

"ఎవలు రాసిండ్రో ఉన్నదా దాంట్ల?" అంది ఆశమ్మ. "నాకెర్కే. గిర్ని విఠల్. నా జాగల కొత్త మిషిను పెడ్తనన్నడు ఒకనాడు. నిన్న నోటికొచ్చినట్టు తిట్టిన. వాని పెండ్లాం పిల్లలను గూడ తిట్టిన. ఇరువై ఏండ్ల సంది వాని బిందె నీళ్లు తాగిన, నిన్నటి సంది ముట్టలే. వాడు ఏడ్చిండు. నాటకం అన్న. వానిదే గద పని? సదువు."

ఎల్లిపాయ పొట్టు గాలికి మెట్ల మీద దొర్లుతోంది. కాగితంలో ఆమె పేరు లేదు. కెమిస్ట్రీ అని ఉంది. అది ఎవరో ఈ సందులో ఎవరికీ తెలియదు. ఎవరో తెలియదంట అవ్వా అని మడిచి ఇచ్చేయవచ్చు. లేదా గుర్తుల దాకా చదివి ఆపేయవచ్చు. గిర్ని వైపు చూసింది. లోపల మర తిరుగుతోంది. ఎవరూ మాట్లాడుతున్న చప్పుడు లేదు.

"చిక్కడపల్లి" అని మొదలుపెట్టింది. "పిండి గిర్ని పక్క గోడ. నీలం పట్టా. ఎనిమిది సంచులు. పచ్చగాజుల..." కాగితాన్ని ఇంకో చేతికి మార్చుకుంది. "పచ్చగాజుల ముసలామె."

ఆశమ్మ తన గాజులు చూసుకుంది.

"ఈమె ఉప్పు మీద మందు వేస్తే రంగు మారలేదు. సున్నా. మా సందులో అందరి తొక్కుల్లోకీ ఈ సున్నాయే పోతోంది." తర్వాతి వరుస మీద తన్మయి వేలు ఆగింది. ఆశమ్మ ఎదురుచూసింది. "ఈమెకు వేరే సైన్సు తెలుసు. ఉప్పు చేతికిస్తే కొట్లాట అవుతుందట. పళ్లెం తెమ్మని... కొసరు పళ్లెంలో పోసింది."

వాకిట్లో కత్తిపీటలు టక్ టక్‌మంటూనే ఉన్నాయి. ఆశమ్మ ముఖం ఎత్తి తన్మయిని చూసింది. సోమవారం తొక్కు ముచ్చట ఆడినప్పుడు ఎలా చూసిందో అలాగే, కిందికీ మీదికీ.

"విఠల్ కాదన్నట్టు" అంది.

"కాదు అవ్వా."

"ఇంకేమన్న ఉన్నదా?"

"నవ్వులాటకు రాసినవి రెండు మాటలు ఉన్నాయి. వాళ్లు తీసుకుపోతారని నేను... చర్చ కోసం అవ్వా, కంప్యూటర్‌లో..."

"నాకు తెల్వది బిడ్డ అయన్ని." ఆశమ్మ కాగితం అడగలేదు. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి నిలబడింది. "వాన్ని ఉత్తగ తిట్టిన" అంది, తనలో తను అన్నట్టు. తర్వాత మూట ముడి విప్పింది. "అనసూయమ్మ ఇంకో మానిక చెప్పింది గద. ఇంట్ల ఉన్నది ఇంతే. మాటిచ్చిన."

తన్మయి పైకి పరుగెత్తింది. ఆ స్టీలు పళ్లెమే తెచ్చింది. రెండు చేతులా పట్టుకుని ముందుకు చాపింది.

ఆశమ్మ మూటలోని ఉప్పును పళ్లెంలో వంచలేదు. తన్మయి ఎడమ చేతిలోంచి పళ్లెం అంచు వదిలించి, ఆ మణికట్టు పట్టుకుంది. ఎల్లిపాయలు ఒలిచి మంట పుడుతున్న ఆ వేళ్లను ఒక్కొక్కటే తెరిచింది. మూటలోంచి గుప్పెడు తీసి, ఆ అరచేతిలో పోసింది. మిగిలిన మూట మెట్టు మీద పెట్టింది.

"అనసూయమ్మకు చెప్పు" అని గేటు దాటి గిర్ని వైపు నడిచింది.

అనసూయమ్మ వాకిట్లోంచి కేకేసింది. "ఉప్పు వచ్చిందా బిడ్డా?"

రెండు గల్లలు వేళ్ల సందుల్లోంచి జారి మెట్ల మీద పడ్డాయి. గుప్పిట మూయాలో తెరవాలో తెలియక తన్మయి అలాగే నిలబడింది. కుడిచేతిలో పళ్లెం ఖాళీగా ఎండకు మెరుస్తోంది.